విల్లుతో వేట నేర్చుకోవాలని ఉంది. కర్నూలు దగ్గర ఎక్కడ మొదలుపెట్టాలి?

నందికొట్కూరోడు · జనవరి 19, రాత్రి 10.12

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 26. కర్నూలులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపు ఉంది. సొంతూరు నందికొట్కూరు పక్కన పల్లె, నాన్న సేద్యం చేస్తాడు.

ఆరు నెలల నుంచి పడుకునే ముందు అమెరికావాళ్ల విల్లు వేట వీడియోలు చూడటం అలవాటైపోయింది. ఒకడు చెట్టు మీద మూడు గంటలు బొమ్మలా కూర్చుంటాడు. జింక వస్తుంది, ఆగుతుంది, తల దించుతుంది. అప్పుడు లాగుతాడు విల్లు. చంపే ముక్క కంటే ఆ ముందు అరగంట నన్ను పట్టేసింది. షాపులో ఒక్క నిమిషం ఊరికే కూర్చోలేనివాణ్ని, అది చూస్తూ నేనూ ఊపిరి బిగబడతా.

ఇక అడగాల్సినవి. ఆన్‌లైన్‌లో 60 పౌండ్ల కాంపౌండ్ విల్లు, అదే చివర్లో కప్పీలుండేది, ఒకటి చూసిపెట్టుకున్నా. బడ్జెట్ ముప్పై వేలు. మొదటి విల్లుగా పనికొస్తుందా? కర్నూలులో నేర్పేవాళ్లు ఉన్నారా? మా చేల గట్ల మీద కుందేళ్లు, కౌజు పిట్టలు, రాత్రిళ్లు అడవిపందులు తిరుగుతాయి. చిన్నవాటితో మొదలుపెడితే తప్పేమీ లేదు కదా?

కడప కారంపొడి · జనవరి 19, రాత్రి 10.31

కుందేలుతో మొదలుపెట్టి మా కడప సెంట్రల్ జైలుతో ముగించొచ్చు. చికెన్ ఆదివారాలే పెడతారంట, చూసుకో.

పాత బీటు · జనవరి 20, ఉదయం 6.05

తమ్ముడూ, అటవీ శాఖలో ముప్పై రెండేళ్లు చేసి రిటైరైనవాణ్ని. నువ్వు అడిగావు కాబట్టి సూటిగా చెప్తున్నా, కోప్పడొద్దు.

మన దేశంలో వన్యప్రాణి వేట నిషేధం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, సెక్షన్ 9. తుపాకీనా, విల్లా, ఉచ్చా అని చట్టం చూడదు. వేట అంటే చంపడం ఒక్కటే కూడా కాదు. పట్టడం, తరమడం, ఎర పెట్టడం, వాటిలో దేనికి ప్రయత్నించినా అది వేటే. కుందేలైనా కౌజు అయినా వన్యప్రాణే. మామూలుగా శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చిన మొదటి షెడ్యూల్ జంతువు జోలికి పోయినా, అభయారణ్యంలో వేటాడినా మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోతుంది, పైగా పాతిక వేలకు తగ్గని జరిమానా. వేటకు వాడిన బండి కూడా పోతుంది. నేను సర్వీసులో ఉండగా కుర్రాళ్లు వాళ్ల నాన్నల బైకులు అట్లా పోగొట్టుకోవడం చూశా.

నీది నందికొట్కూరు అంటున్నావు. రోళ్లపాడు అభయారణ్యం మీకు ఎంత దూరం? బట్టమేక పిట్ట కోసం కట్టిన అభయారణ్యం అది. అక్కడి కృష్ణజింకలు దాని హద్దులు చూసుకుని మేయవు, మీ చేలల్లోకీ వస్తాయి. కృష్ణజింక మొదటి షెడ్యూల్. చీకట్లో కుందేలనుకుని వేసిన బాణం దేనికి తగులుతుందో నీకేం తెలుసు?

విల్లు నేర్చుకో. వేట మాత్రం మనసులోంచి తీసెయ్.

నందికొట్కూరోడు · జనవరి 20, ఉదయం 9.48

సార్, కోపమేం లేదు. పులులూ జింకలూ నిషేధమని తెలుసు గానీ కుందేలు కూడానని నిజంగా తెలీదు. మా తాతలు కుందేళ్లు పట్టిన కథలు చెప్తే విని పెరిగినోళ్లం.

మరి నల్లమల చెంచులు? వాళ్లకు విల్లంబులు ఇప్పటికీ ఉన్నాయి కదా. పోయిన వారం అహోబిలం పారువేట ఉత్సవానికి పోయినప్పుడు స్వామి పల్లకి ముందు చెంచులు విల్లు ఎక్కుపెట్టడం కళ్లారా చూశా. వాళ్లకు ఒక రూలు, మనకు ఒక రూలా?

ఆత్మకూరు టీచరమ్మ · జనవరి 20, మధ్యాహ్నం 1.20

చెంచు గూడేల్లో పదకొండేళ్లు పాఠాలు చెప్పాను, ఈ ఒక్కదానికి జవాబు నేనిస్తాను.

పారువేటలో నువ్వు చూసింది మొక్కు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి ఆయన వాళ్ల అల్లుడు. కనుమనాడు స్వామి కొండ దిగి నెలన్నర పాటు ఊళ్లు తిరుగుతాడు. అల్లుడు గడప దాటేటప్పుడు చెంచులు పల్లకి వైపు బాణం వేసి మర్యాద చేస్తారు. దాన్ని వేట లెక్కలో వేయకూడదు.

ఇక చట్టం సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం చెంచులకు భూమి మీద, తేనె, జిగురు లాంటి చిన్న అటవీ ఫలసాయం మీద హక్కులిచ్చింది. సంప్రదాయ హక్కుల జాబితాలో వేటను మాత్రం అదే చట్టం మినహాయించింది. తరతరాలుగా విల్లు పట్టినవాళ్లకే లేని హక్కు ఫోన్ల షాపు అబ్బాయికి ఎక్కడ నుంచి వస్తుంది నాయనా?

ఇప్పుడు చాలామంది చెంచు మగవాళ్లు పులుల అభయారణ్యంలో అటవీ శాఖకు కాపలాదారులుగా పనిచేస్తున్నారు. అడుగు చూసి పులి ఎటు పోయిందో చెప్పేది వాళ్లే. నా దగ్గర చదివిన పిల్లవాడి తాత ఒకసారి నన్ను బైర్లూటి పక్కన వాగు దాకా తీసుకెళ్లాడు. ఇసుకలో నాకు ఏమీ కనబడలేదు. ఆయన వేలితో ఒక గీత చూపించి, 'కణుజు, ఆడది, పొద్దున నీళ్లకొచ్చింది, వెనక కాలు నొప్పి' అన్నాడు. విల్లు ఇంట్లో చూరుకు గుచ్చి ఉంది, ఆయన చేతిలో గొడ్డలి కూడా లేదు. ఆ వీడియోల్లో నిన్ను పట్టేసిన అరగంట ఉందే, అది ఆయన దగ్గర విల్లు లేకుండానే ఉంది.

వేరుశనగ రైతు · జనవరి 20, రాత్రి 8.40

అందరూ చట్టం చెప్తాండారు, బాగుంది. మాది కళ్యాణదుర్గం. పోయిన ఖరీఫులో నాలుగెకరాల శెనక్కాయ. ఊడలు దిగి కాయ పట్టే టయానికి పందులు దిగినాయి. ఒక్క రాత్రి. పొద్దున్నే పోతే ట్రాక్టర్ తోలినట్టుంది చేను. చుట్టూ మా ఆడోళ్ల పాత చీరలు కట్టినా, క్షౌరం షాపులోంచి జుట్టు తెచ్చి చల్లినా, టపాసులు కాల్చినా. వారం భయపడతాయి, ఎనిమిదో రోజు అవే చీరల కింద దూరి వస్తాయి. విల్లు కాదు, ఏదిచ్చినా వేస్తా నేను. ఆ పిల్లోణ్ని అంటారేంది?

పాత బీటు · జనవరి 21, ఉదయం 5.50

రైతు సోదరా, నీ బాధకు నా దగ్గర తేలిక జవాబు లేదు. సర్వీసంతా ఇదే మాట పడ్డవాణ్ని. అయితే చట్టంలో ఒక దారి ఉంది, సెక్షన్ 11. మొదటి షెడ్యూల్‌లో లేని జంతువు మనుషులకు గానీ నిలిచిన పంటకు గానీ ప్రమాదమైందని తేలితే, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వొచ్చు. అడవిపంది ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో ఉంది, కాబట్టి ఆ దారి దానికి వర్తిస్తుంది. కాగితం లేకుండా మాత్రం ఎవరూ వేయకూడదు. ఊరంతా కలిసి ఫొటోలతో రేంజ్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఒక్కడిచ్చిన అర్జీ ఫైలు అడుగున పడుతుంది, ఇరవై మంది పోతే టీ ఇచ్చి కూర్చోబెడతారు.

ఒక్క మాట, కరెంటు తీగ మాత్రం పెట్టొద్దు. దానికి పందులే పోతాయని లేదు, పొద్దున్నే నీళ్లు కట్టడానికి పోయిన పక్క చేను మనిషి పోతాడు.

వేరుశనగ రైతు · జనవరి 21, ఉదయం 7.15

తీగ పెట్టలేదు సామీ. అర్జీ ఈసారి అందరం కలిసి పెడతాం.

డాలస్ దస్తగిరి · జనవరి 22, ఉదయం 8.02

ఇక్కడ రాత్రి, పిల్లలు పడుకున్నారు, తీరిగ్గా రాస్తున్నా. మాది ప్రొద్దుటూరు, టెక్సాస్ వచ్చి పద్నాలుగేళ్లు. తమ్ముడు చూసే వీడియోల్లోని పని నేను తొమ్మిదేళ్లుగా చేస్తున్నా. ఇక్కడ అది చట్టబద్ధం కాబట్టి చేస్తున్నా. ఇంగ్లండ్‌లో విల్లుతో వేట నిషేధమని గుర్తుంచుకో. అంటే ప్రపంచమంతా చేస్తారులే అనుకోవద్దు.

వీడియోలో కనబడనివి చెప్తా. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాడు వేటకు పోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. జింకకు లైసెన్స్, సీజన్, ఎన్ని కొట్టొచ్చో లెక్క. అడవిపందులకు మాత్రం సీజన్ లేదు. ఇక్కడ వాటిని చీడ కిందే చూస్తారు, ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే 2019 నుంచి లైసెన్స్ కూడా అక్కర్లేదు.

దూరం గురించి. విల్లు వేటగాడు సాధారణంగా వేసేది ఇరవై, ముప్పై గజాల్లోపే. బాణం అంతకంటే దూరం పోదనా? భేషుగ్గా పోతుంది. లెక్క వేసుకో. మంచి కాంపౌండ్ నుంచి బాణం సెకనుకు 85 మీటర్లు పోతుంది. ముప్పై గజాలంటే సుమారు 27 మీటర్లు, సెకనులో మూడో వంతు పడుతుంది. స్ట్రింగ్ 'టప్'మనే శబ్దం మాత్రం సెకనుకు 340 మీటర్లు. బాణం కంటే చాలా ముందు శబ్దం జింక చెవికి చేరుతుంది. ఆ మిగిలిన పావు సెకనులో జింక ఎగరడానికి ముందు కాళ్లు ముడిచి కిందకు కుంగుతుంది. గుండెకు పెట్టిన గురి వీపు మీద పడుతుంది. నీ గురి ఎంత బాగున్నా దానికి జవాబు లేదు, దగ్గరికి పోవడం తప్ప. దగ్గరికి పోవాలంటే గాలి తెలియాలి. వాన పడ్డ మట్టి వాసన మనకు తెలిసినంత తేలిగ్గా మన వాసన దానికి తెలుస్తుంది.

నేర్చుకునేవాడికి ఇక్కడ పాతవాళ్లు చెప్పే లెక్క ఒకటే. టిఫిన్ ప్లేటు గోడకు పెట్టు. ఏ దూరం నుంచి వేసిన ప్రతి బాణం, చలిలో, కూర్చుని, అలిసిపోయి వేసినా, ఆ ప్లేటులో పడుతుందో అదే నీ దూరం. నాది తొమ్మిదేళ్ల తర్వాత ఇరవై ఆరు గజాలు.

మొదటి ఏడాది నేను ఒక్క బాణం వేయలేదు, వేసే అవకాశమే రాలేదు. రెండో ఏడాది పంది వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, అయినా వదిలా. పంది గుండె మనం అనుకున్నదానికంటే కిందకు, ముందుకు ఉంటుంది. నా బాణం వెనక పడింది, కడుపులో. కడుపులో తగిలితే ఆరు గంటలన్నా ఆగి వెతకాలని కోర్సులో చెప్పారు. నేను అరగంటకే దిగి టార్చి వేసుకుని వెంటపడ్డా. అది లేచి ఇంకా దూరం పోయింది. తెల్లారేదాకా వెతికా. నాలుగు చోట్ల రక్తం, తర్వాత ముళ్లపొద, తర్వాత ఏమీ లేదు. దొరకలేదు. పొద్దున ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే మా ఆవిడ 'ఏమైంది' అంది. జవాబు చెప్పలేకపోయా. ఆ ఏడాది మళ్లీ పోలేదు.

ఇదంతా భయపెట్టడానికి రాయలేదు. బాణం వదలడం ఈ విద్యలో చివరి చిన్న ముక్క. మిగతాదంతా నువ్వు నందికొట్కూరులో ఉండి, ఏ జంతువు జోలికీ పోకుండా నేర్చుకోవచ్చు.

కడప కారంపొడి · జనవరి 22, ఉదయం 9.10

మొదటిసారి ఈ థ్రెడ్‌లో జోక్ వేయబుద్ధి కాలేదు.

గురి మాస్టరు · జనవరి 22, సాయంత్రం 6.30

అనంతపురంలో పీఈటీని. స్కూలు పిల్లలకు ఆర్చరీ నేర్పుతుంటా. వేట సంగతి పెద్దలు చెప్పేశారు, నేను విల్లు సంగతికి వస్తా. కాస్త పొడుగవుతుంది.

60 పౌండ్ల కాంపౌండ్ వద్దు. ముందు ఆ ట్యాబ్ మూసెయ్. పౌండ్లంటే స్ట్రింగు పూర్తిగా లాగినప్పుడు చేతి మీద పడే బరువు. కాంపౌండ్‌కు చివర్లో కప్పీలు తిరిగి ఆ బరువు తగ్గిపోతుంది. 80 శాతం లెట్‌ఆఫ్ ఉంటే 50 పౌండ్ల విల్లును పది పౌండ్లతో పట్టుకుని నిలబడతావు. కానీ ఆ పదికి చేరాలంటే మధ్యలో యాభైనీ దాటాలి. కొత్తవాడు అది దాటడానికి విల్లును ఆకాశానికెత్తి, నడుం వంచి, పళ్లు బిగించి లాగుతాడు. భుజం అక్కడే పోతుంది. ఒక పరీక్ష చెప్తా. కుర్చీలో కూర్చో, రెండు కాళ్లూ నేల మీంచి ఎత్తు, విల్లు పైకెత్తకుండా ఎదురుగా పెట్టి మెల్లగా లాగు. రాలేదంటే ఆ విల్లు నీది కాదు.

నీకు కావాల్సింది మూడు ముక్కలుగా విడదీసే చెక్క రికర్వ్, అంటే కప్పీలు లేకుండా కొనలు ముందుకు వంగిన విల్లు, 20 నుంచి 24 పౌండ్లు. నవ్వొద్దు. రేపు బలం పెరిగితే మధ్యలో పట్టుకునే రైజర్ అలాగే ఉంచి, పైనా కిందా వంగే లింబ్స్ మాత్రమే మార్చుకుంటావు. నీ ముప్పై వేలలో విల్లు, ఎనిమిది బాణాలు, చేతి గార్డు, వేళ్లకు పెట్టుకునే ఫింగర్ ట్యాబ్, తాడు ఎక్కించే స్ట్రింగర్ అన్నీ వచ్చి ఇంకా మిగులుతాయి. స్ట్రింగర్ మాత్రం మరిచిపోవద్దు. కాలి కింద పెట్టి వంచి తాడు ఎక్కిస్తే లింబు మెలి తిరుగుతుంది.

కొలత: గోడకు ఆనుకుని రెండు చేతులూ బార చాపు. ఈ మధ్య వేలి చివర నుంచి ఆ మధ్య వేలి చివర దాకా కొలిచి 2.5తో భాగించు. 70 అంగుళాలొస్తే నీ డ్రా లెంగ్త్, అంటే నువ్వు తాడు లాగే పొడవు, 28. అప్పుడు 68 అంగుళాల విల్లు సరిపోతుంది. విల్లు మీద రాసిన పౌండ్లు 28 అంగుళాలకు లెక్క. నువ్వు అంతకంటే ఒక అంగుళం ఎక్కువ లాగితే రెండు పౌండ్లు అటూ ఇటుగా పెరుగుతుంది. బాణం పొడుగ్గానే తీసుకో. పొట్టి బాణం లాగేటప్పుడు అది ఆనుకునే రెస్టు మీంచి వెనక్కి జారి, వదలగానే నీ ఎడమ చేతిలో దిగుతుంది. ఎక్కడో చదివి చెప్తున్న మాట అనుకోవద్దు.

ఇంకోటి, నీ కన్ను. రెండు చేతులూ చాపి మధ్యలో చిన్న కంత వచ్చేలా పెట్టి, దూరంగా ఉన్న స్తంభాన్ని ఆ కంతలోంచి రెండు కళ్లతో చూడు. ఒక కన్ను మూయి. స్తంభం కనబడుతూ ఉంటే తెరిచి ఉన్న కన్నే నీ పెత్తందారు. కుడిచేతి వాళ్లలో కూడా కొందరికి ఎడమ కన్ను పెత్తనం చేస్తుంది, నెలల తరబడి బాణాలు పక్కకు పోతుంటే చెయ్యిని తిడుతూ ఉంటారు. విల్లు కొనకముందే ఈ పరీక్ష చెయ్.

బాణం లేకుండా లాగి వదలొద్దు. ఎప్పుడూ. ఫ్రెండ్స్ వచ్చి 'ఓసారి ఇవ్వరా' అంటారు, వాళ్లు చేసే మొదటి పని అదే. బాణం మోసుకుపోవాల్సిన శక్తంతా విల్లులోకే తిరిగొస్తుంది. ప్రతి బాణం వేయకముందు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచు. టిక్‌మంటే అది పగిలినట్టే, పక్కన పెట్టెయ్. కార్బన్ బాణం పగుళ్లు కంటికి కనబడవు.

నందికొట్కూరోడు · జనవరి 22, రాత్రి 11.05

మాస్టారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు దండం. బార కొలిచా, 69 అంగుళాలు. కన్ను పరీక్ష చేశా. నాది ఎడమ కన్ను! కుడిచేతి వాటం. ఇప్పుడెట్లా?

గురి మాస్టరు · జనవరి 23, ఉదయం 5.40

అదృష్టవంతుడివి, విల్లు కొనకముందే తెలిసింది. ఎడమచేతి వాళ్ల విల్లు తీసుకో. కుడి చేత్తో విల్లు పట్టు, ఎడమ చేత్తో లాగు. పది రోజులు పసిపిల్లాడిలా ఉంటుంది, తర్వాత అదే అలవాటైపోతుంది.

మోచేతి మచ్చ · జనవరి 23, ఉదయం 11.20

మాస్టరు గారి 'బాణం లేకుండా వదలొద్దు' అన్న మాట చదవగానే ఒళ్లు జలదరించింది. లాక్‌డౌన్ అయ్యాక నేనూ ఇట్లాగే వీడియోలు చూసి సెకండ్ హ్యాండ్ కాంపౌండ్ తెచ్చుకున్నా, 55 పౌండ్లు. మా బామ్మర్ది బాణం పెట్టకుండా లాగి వదిలేశాడు. ఫటేల్‌మని చప్పుడు, కేబులు ఊడి గోడకు కొట్టుకుంది, ఒక లింబు చీలింది. ఆ చీలిన ముక్క వాడి కనుబొమ్మ మీద గీసుకుపోయింది. అర అంగుళం కిందకు వచ్చి ఉంటే వాడి పెళ్లి ఆగిపోయేది. రిపేరుకు అమ్మినవాణ్ని అడిగితే ఫోన్ ఎత్తలేదు. ఆ విల్లు ఇప్పుడు అటక మీద ఉంది.

నా పేరులోని మచ్చ వేరే కథ. మోచెయ్యి లోపలికి తిరిగి ఉంటే స్ట్రింగు ప్రతిసారీ అదే చోట కొడుతుంది. మొదట ఎర్రగా, తర్వాత వంకాయ రంగు. గార్డు కట్టుకో తమ్ముడూ.

ఆదోని ఆదివారం · జనవరి 23, మధ్యాహ్నం 3.00

నాదో పిచ్చి డౌటు. ఇప్పుడు విల్లు తాడును మూడు వేళ్లతో లాగుతారంట. మరి ద్రోణుడు ఏకలవ్యుడి బొటనవేలు ఎందుకు అడిగాడు? చూపుడు వేలు అడగాల్సింది కదా?

గురి మాస్టరు · జనవరి 23, సాయంత్రం 6.15

పిచ్చి డౌటేం కాదు. ఇప్పుడు ఒలింపిక్స్‌లో మన పిల్లలు లాగేది చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లతో, బొటనవేలికి పనే లేదు. బొటనవేలిని తాడు చుట్టూ మడిచి లాగే పద్ధతి వేరు, ఆసియాలో చాలాచోట్ల అదే ఉండేది. కథలో ఆ బొటనవేలికి అంత విలువ ఉందంటే ఆ పద్ధతి తెలిసినవాళ్లే చెప్పుకున్నారని నా ఊహ. మా క్లాసులో ప్రతి ఏడాదీ ఒక పిల్లవాడు ఇది అడుగుతాడు. ఆ ఏడాది బాగా వేసేది కూడా సాధారణంగా వాడే.

ఆత్మకూరు టీచరమ్మ · జనవరి 24, ఉదయం 7.00

ద్రోణుడు అడిగినందుకే నాకు ఇప్పటికీ కోపం. కొనసాగించండి.

నందికొట్కూరోడు · ఫిబ్రవరి 16, రాత్రి 9.30

విల్లు వచ్చింది. ఎడమచేతి వాటానిది, 68 అంగుళాలు, 22 పౌండ్లు. స్టేడియంలో అడిగా, అక్కడ ఒక సారు వారానికి రెండు రోజులు రమ్మన్నారు. మిగతా రోజులు ఊళ్లో ప్రాక్టీస్ చేద్దామనుకుంటున్నా. టార్గెట్ ఫోమ్ రేటు చూస్తే కళ్లు తిరిగాయి. చవకగా ఏమన్నా ఉందా? చేలో వేసుకోవచ్చా?

గురి మాస్టరు · ఫిబ్రవరి 17, ఉదయం 5.45

ఖాళీ యూరియా సంచిలో పాత చీరలు, లుంగీలు కుక్కు. ఎంత గట్టిగానంటే గుద్దితే చెయ్యి నొప్పి పుట్టాలి. గుండీలు, జిప్పులు, హుక్కులు కత్తిరించి పారెయ్, లేకపోతే బాణం ముందు భాగం పాడవుతుంది. మీ విల్లుకు ఆ సంచి ఏడాది ఆగుతుంది.

వెనక మట్టి కట్ట ఉండాలి. రాయి గుట్ట కాదు, మట్టి. గురి తప్పిన బాణం రాయికి తగిలితే ఎటు ఎగురుతుందో దేవుడికి కూడా తెలీదు. 22 పౌండ్ల విల్లు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, పైకెత్తి వదిలితే నూరు మీటర్లు దాటి పోతుంది. సంచి వెనక దారి గానీ, గొర్రెలు మేసే బీడు గానీ ఉండకూడదు. ఎవరన్నా ముందుకు పోతుంటే విల్లు కింద పెట్టి చేతులు ఖాళీగా ఉంచు.

ఇక మొదటి రెండు వారాలు ఐదు మీటర్ల దూరం. అంతే. కావాలంటే కళ్లు మూసుకుని వెయ్. ఎక్కడ తగిలిందని చూడొద్దు. చెయ్యి దవడ కింద అదే చోటికి వస్తోందా, వదిలాక అదే దారిలో వెనక్కి పోతోందా, అది మాత్రమే గమనించు. పిల్లలకైతే ఈ రెండు వారాలు నరకం. పెద్దవాళ్లకు ఇంకా నరకం, ఎందుకంటే వాళ్లకు వాట్సాప్‌లో ఫొటో పెట్టాలి.

డాలస్ దస్తగిరి · ఫిబ్రవరి 17, ఉదయం 8.20

కళ్లు మూసుకుని వేయడం నేను ఇప్పటికీ సీజన్ ముందు నెల రోజులు చేస్తా. పూర్తిగా నిజం ఆ మాట.

నందికొట్కూరోడు · మార్చి 22, రాత్రి 10.40

నెల దాటింది. ఐదు మీటర్లు, తర్వాత పది, ఇప్పుడు పద్దెనిమిది. ఆరు బాణాల్లో నాలుగు పళ్లెంలో పడుతున్నాయి, ఐదోది అంచు మీద, ఆరోది ఊరు చూసొస్తుంది. విచిత్రమేంటంటే షాపులో నా చెయ్యి వణకడం తగ్గింది. చిన్న స్క్రూలు ఒకేసారి పడుతున్నాయి.

పొద్దున ఐదున్నరకే చేలోకి పోతున్నా. మొన్న సంచి పెట్టి వెనక్కి తిరిగేసరికి గట్టు మీద కుందేలు. నాకూ దానికీ పన్నెండు మీటర్లుంటుంది. విల్లు చేతిలోనే ఉంది, బాణం నడుముకున్న పొదిలో ఉంది. రెండు చెవులూ వేరువేరుగా తిప్పుతోంది, ఒకటి నా వైపు, ఒకటి రోడ్డు వైపు. ఎండ వెనక నుంచి పడి చెవుల్లో నరాలు ఎర్రగా కనబడ్డాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఒక బండి హారన్ కొట్టింది, పోయింది.

పాత బీటు సార్, బాణం తీయలేదు. మీరు అడగకముందే చెప్తున్నా.

పాత బీటు · మార్చి 23, ఉదయం 5.30

అడిగేవాణ్నే.

వేరుశనగ రైతు · మార్చి 23, ఉదయం 6.50

ఇరవై రెండు మంది సంతకాలతో అర్జీ ఇచ్చొచ్చినాం. టీ ఇచ్చినారు. కాగితం ఇంకా రాలేదు.

మోచేతి మచ్చ · మార్చి 23, మధ్యాహ్నం 12.15

తమ్ముడి పోస్టులు చదివి అటక మీంచి విల్లు దించా. బాగయ్యే రకం కాదని తేలింది. నేనూ 24 పౌండ్ల రికర్వ్ ఆర్డర్ పెట్టా. 3డి ఆర్చరీ అని విన్నా, అదేంటి మాస్టారూ?

గురి మాస్టరు · మార్చి 23, సాయంత్రం 7.10

ఈ థ్రెడ్ మొదట్లోనే చెప్పాల్సింది, మరిచిపోయా. వేట మీద మోజున్నవాళ్లకు అసలైన ఆట అది. ఫోముతో చేసిన జంతువుల బొమ్మలను అడవి లాంటి చోట పొదల మాటున, వాలుల మీద నిలబెడతారు. దూరం ఎంతో చెప్పరు, కంటితో అంచనా వేసుకోవాలి. వరల్డ్ ఆర్చరీ నియమాల ప్రకారం కాంపౌండ్ వాళ్లకు 45 మీటర్ల దాకా, గురి చూసే సైటు లేని బేర్‌బో వాళ్లకు 30 మీటర్ల దాకా. బొమ్మ మీద గీసిన గీతలను బట్టి 11, 10, 8, 5 పాయింట్లు. తగలకపోతే సున్నా. స్టేడియంలో 70 మీటర్లని తెలిసి వేయడం ఒక విద్య, తెలియకుండా వేయడం ఇంకో విద్య.

మన రాష్ట్రంలో పేరొచ్చింది స్టేడియం ఆర్చరీకే. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆ ఊరివాడే ధీరజ్ అక్కడే రికర్వ్ టీమ్‌తో రజతం తెచ్చాడు. సీమలో కూడా భుజాలున్న పిల్లలున్నారు, మైదానాలూ గాలీ ఉన్నాయి. గాలి మరీ ఎక్కువే ఉంది.

బొమ్మలు కొనడం ఖర్చు. మా స్కూల్లో పాత ఫోము పరుపులు పొరలు పొరలుగా అతికించి, కత్తిరించి పందిని చేశాం. చూడటానికి గేదె దూడలా వచ్చింది, అయినా పని జరుగుతోంది.

వేరుశనగ రైతు · మార్చి 23, రాత్రి 8.00

ఆ పంది మీద వేయడానికి నేనూ వస్తా. డబ్బులు కూడా ఇస్తా.

గురి మాస్టరు · ఏప్రిల్ 27, ఉదయం 6.00

ఎండలు ముదిరాయి కాబట్టి ఒక మాట. విల్లును కారులో, బైకు ట్యాంకు మీద, రేకుల షెడ్డులో వదలొద్దు. కర్నూలు మే నెల ఎండకు లింబు పొరలు విడిపోతాయి. తాడు దించి, బట్టలో చుట్టి ఇంట్లో పెట్టుకోండి. తాడుకు పదిహేను రోజులకోసారి తేనెమైనం రుద్దండి.

నందికొట్కూరోడు · జూన్ 14, రాత్రి 9.15

చానా రోజులకు వచ్చా. మోచేతి మచ్చ అన్నా, నేనూ మొన్న అనంతపురం పోయి మాస్టారి ఫోము పందిని చూసొచ్చాం. గేదె దూడ కూడా కాదు, సోఫాలా ఉంది. రైతన్న కూడా వచ్చాడు. మొదటి బాణం సోఫా నడుములో దించి 'ఇది పోయిన ఖరీఫుకు' అన్నాడు. దూరం తెలియకుండా వేస్తే నా ఆరులో రెండే తగిలాయి. పద్దెనిమిది అనుకున్నది ఇరవై నాలుగు, ఇరవై అనుకున్నది పదిహేను. స్టేడియంలో వచ్చిన గర్వం అక్కడే దిగింది.

ఇప్పుడు సమస్య. నిన్న పొద్దున మా చేలో ఒక బాణం సంచి కింద నుంచి జారి దుబ్బలో దూరింది. గంట వెతికా, దొరకలేదు. రాత్రి పదును వాన పడింది. నాన్న రేపు గుంటక తోలుతానంటున్నాడు. ఒక్క బాణమే కదా, వదిలెయ్యనా?

గురి మాస్టరు · జూన్ 14, రాత్రి 9.40

వదలొద్దు. గుంటక కింద పడి విరిగితే కార్బన్ సూదుల్లా చీలుతుంది. అవి మేతలో కలిసి ఎద్దు నోట్లోకి పోతాయి, లేదా కలుపు తీసే మనిషి అరచేతిలోకి. సంచి ముందు నిలబడి వెతకొద్దు. నువ్వు బాణం వేసిన చోట నిలబడు, వేసిన దారిలోనే సంచి దాటి నడువు. దంతె పళ్లతో మట్టిని పైపైన అడ్డంగా గీకుతూ పో. బాణం నేలకు సమాంతరంగా, వేలెడు లోతులో ఉంటుంది.

నందికొట్కూరోడు · జూన్ 15, ఉదయం 6.35

దొరికింది. సంచికి పదకొండు అడుగుల వెనక. నాన్న గుంటక ఆపి తనే దంతె పట్టుకున్నాడు, దొరికింది ఆయనకే. మట్టి తుడిచి చెవి దగ్గర పెట్టి వంచా. టిక్‌మంది.

నాన్న కూడా విన్నాడు. 'ఏంది ఆ శబ్దం' అన్నాడు. చెప్పా. మిగతా ఏడూ తెమ్మని, గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని వంచి చూస్తున్నాడు.